మా బాపు సాంచె, నా నూట ఇరవై తూటాలు

సాంచెలు ఆగిపోయిన ఆ ఎండాకాలాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లమీదికి ఏదో మత్తు వస్తుంది. సూరత్‌లో, సలాబత్‌పురా వెనక సందులో పుట్టి పెరిగినదాన్ని. (కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు.) పగలూ రాత్రీ ఆ టకటక వింటూనే ఎక్కాలు నేర్చుకున్నాను, దాని మధ్యే డిగ్రీ రెండో ఏడు దాకా వచ్చాను. కరోనా వచ్చి కార్ఖానాలకు తాళాలు పడగానే ఊరంతా ఒక్కసారిగా నిద్రలోకి జారుకున్నట్టయింది. ఆకాశం ఉతికి ఆరేసినట్టు నీలంగా ఉండేది. మధ్యాహ్నాలు ఎంతకీ తెమిలేవి కావు. నాకు అదంతా అద్భుతంగా ఉండేది గానీ బాపుకి (అంటే మా నాన్నకి) కాదు. చెవుల్ల ఏదో తక్కువైనట్టున్నదని నిద్రపట్టక మంచమ్మీద దొర్లేవాడు. మా సందులో సగం మంది రైళ్లెక్కి సొంతూళ్లకు, సిరిసిల్ల వైపు వెళ్లిపోయినా ఆయన కదల్లేదు. పద్దెనిమిదేళ్లుగా ఒకే సాంచె నడుపుతున్నాడు. పిలుపు వచ్చిన రోజున తను లేకపోతే కార్ఖానా యజమాని సేఠ్ దాన్ని ఇంకొకరి చేతిలో పెడతాడని ఆయన భయం.

నేను మాత్రం ఆ రోజుల్లో సినిమా మనిషిని. కాలేజీలో నాకు రెండేళ్లు సీనియర్, అడాజన్‌లో ఉండే బ్యాంకు ఆఫీసరుగారి అబ్బాయి ఒకడుండేవాడు. అందరం 'యాక్షన్ అన్న' అనేవాళ్లం. (అన్న అని పిలిచేదాన్ని గానీ, మనసులో ఆ వరస నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఇరవయ్యేళ్ల వయసు, తప్పు నాది కాదు.) బయటికి వెళ్లే వీల్లేదు కాబట్టి తన గదిలోనే, తనొక్కడే నటుడిగా సినిమా తీస్తున్నాడు. కథ ఏమిటంటే ఒక బందిపోటు పెద్ద రివాల్వర్‌లో ఆరు తూటాలు నింపుతాడు. అంతే. కాల్చడు. కాలిస్తే చప్పుడవుతుంది, వాళ్ల అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీ ఊరుకోడు. లేతు మిషను ఆయన ఒకరు సరదాగా చేసిచ్చిన డొల్ల రివాల్వర్ ఒకటి అతని దగ్గర ఉంది. చూడ్డానికి భయంకరంగా ఉండేది. తూటాలు మాత్రం చెక్కవి, పైన బంగారు రంగు. వీడియో కాల్‌లో వాటిని బల్లమీద ఒలకబోసి చూపిస్తే పల్లీలు పోసినట్టు వినపడింది.

అతను నుదురు పట్టుకుని కూర్చున్నాడు. "వీటిలో వజన్ లేదు యార్. తూటా చేతిలో పడితే చెయ్యి కిందికి దిగాలి. సంచిలోంచి వంద తూటాలు పోస్తే చూసేవాడి గుండె జారాలి" అన్నాడు. ఆ వజన్ నేను తెస్తానని అనేశాను. అన్న తర్వాతే ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించాను. టైటిల్స్‌లో నా పేరు, పక్కన 'తూటాలు' అని నాకు అప్పుడే కనపడిపోయింది.

వెతగ్గా వెతగ్గా మంచం కింద గోనెసంచి దొరికింది. నిండా వేలెడు పొడవు సీసపు కడ్డీలు, మట్టికొట్టుకుపోయి ఉన్నాయి. కార్ఖానా మూతపడే ముందు బాపు మోసుకొచ్చి పడేశాడు. పాత సామాను అనుకున్నాను. సాంచె నడిపేవాడి కూతురినై ఉండి ఆ కడ్డీలు ఏమిటో నాకు తెలియదు. కార్ఖానా లోపలికి మొత్తం మూడుసార్లు వెళ్లానేమో, మూడుసార్లూ టిఫిన్ డబ్బా ఇచ్చి చెవులు మూసుకుని వచ్చేశాను. నాకు తెలిసిందల్లా బీకాం.

డాబామీద బొగ్గుల కుంపటి పెట్టుకున్నాను. అతని దగ్గర్నుంచి అడిగి తెప్పించుకున్న చెక్క తూటా ఒకదాన్ని ఒత్తి మట్టితో అచ్చు చేశాను. అవ్వ (మా వైపు అమ్మని అవ్వ అనే అంటాం) ఏందిదని అడిగితే ఆన్‌లైన్ క్లాసు ప్రాజెక్టు అన్నాను. ఆ ఏడాది ఆ మాట చెప్పి ఏ పనైనా చేయొచ్చు. రాత్రుళ్లు నిద్రలేని బాపు పగలు కునుకు తీసేవాడు, డాబా ఎక్కేవాడు కాదు. సీసం పొగ విషమని మాత్రం అవ్వకి ఎవరో చెప్పినట్టుంది, గాలి వాలు చూసి నన్నూ కుంపటినీ డాబా ఆ చివరికి పంపేసింది. నా చేతిలోని గరిటెను ఇక వంటింట్లోకి రానివ్వనని కూడా చెప్పింది. మొదటి తూటాలు వంకాయల్లా వచ్చాయి. నాలుగోరోజుకి చెయ్యి తిరిగింది. ఒక కడ్డీ కరిగిస్తే సరిగ్గా ఒక తూటా. కరిగిన సీసం పైన పాలమీద మీగడలా సన్నటి పొర కడుతుంది. గరిటె వంచితే అది ముడుచుకుని పక్కకు తప్పుకుంటుంది, కింద వెండిలాంటి మెరుపు. ఎదురుగా చప్పుడు లేని ఊరు, ఎక్కడో కోయిల, నా ఒళ్లో చల్లారుతున్న తూటా. అంత సుఖంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు. రెండు వారాల్లో నూట ఇరవై అయ్యాయి, సంచి ఖాళీ. వాటిని పెరుగు బకెట్‌లో పెట్టి, పాలకోసం బయటికి వదిలే వేళ మా సందు చివరిదాకా వచ్చిన యాక్షన్ అన్నకి అప్పగించాను. బకెట్ అందుకోగానే అతని భుజం కిందికి దిగింది. నా జన్మ ధన్యమైంది.

మూడోరోజు పొద్దున సేఠ్ దగ్గర్నుంచి ఫోను. సోమవారం కార్ఖానా తెరుస్తున్నారు, ఎవరి సాంచె తయారుగా ఉంటే వాళ్లకే నూలు. బాపు మూడు నెలల తర్వాత గడ్డం గీసుకున్నాడు. పాట లాంటిదేదో గొణుగుతూ మంచం కిందికి వంగి సంచి లాగాడు. అది ఆయన చేతికి గుడ్డపీలికలా తేలిగ్గా వచ్చేసింది.

అవి పాత సామాను కాదని అప్పుడు తెలిసింది. చీర అంచులో పువ్వు రావాలంటే సాంచె పైన ఉండే యంత్రం కొన్ని దారాల్ని పైకి లేపుతుంది. లేచిన దారం తిరిగి కిందికి దిగాలంటే ఒక్కోదాని చివర ఒక్కో కడ్డీ వేలాడాలి. పాత తాళ్లు కుళ్లిపోయాయని, కొత్తవి కట్టడానికి బాపు ఇంటికి తెచ్చుకున్నాడు. కొత్త కడ్డీలు కొందామంటే ఊళ్లో ఒక్క దుకాణమూ తెరిచిలేదు. నేను జరిగింది చెప్పేశాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు ఖాళీ సంచిని బోర్లించి దులిపాడు. అరిచి ఉంటే బాగుండేది.

"ఒక్క కడ్డీకి ఒక్కటే చేసినవా?" అని అడిగాడు.

అవునన్నాను.

"గట్లయితే వజన్ యాడికి పోలే. నడువు, తెచ్చుకుందాం."

ఇద్దరం స్కూటర్‌మీద తాపీ నది దాటి అడాజన్ వెళ్లాం. వచ్చేటప్పుడు వంతెన దగ్గర వెదురు కర్రలు అడ్డం కట్టిన చోట పోలీసాయన ఆపి బకెట్ మూత తీయమన్నాడు. తీశాక ఆయన మాస్కు పైన కళ్లు రెండూ గుండ్రంగా అయిపోయాయి. నాకు జైలు కనపడింది, జైల్లో యాక్షన్ అన్న పక్క గదిలో ఉంటాడా అన్న ఆలోచన కూడా వచ్చింది. (దాచడమెందుకు, వచ్చింది.) బాపు మాత్రం స్కూటర్ దిగి, చేతులు కట్టుకుని, ఇవి సాంచె కింద కట్టే బరువులని హిందీలో చెప్పాడు. మరి తూటాల్లా ఎందుకున్నాయని ఆయన అడిగాడు. అడగడా మరి. బాపు నన్ను చూపించి, మా అమ్మాయి కాలేజీలో చదువుతుందన్నాడు. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పోలీసాయన ఒక తూటా అరచేతిలో ఎగరేసి చూశాడు, దాని వెనక మందు లేదని, వట్టి సీసపు ముద్దేనని తేల్చుకున్నాడు. తరవాత గుజరాతీలో తన మామగారికీ నాలుగు సాంచెలు ఉండేవని, ఇలాంటి చదువులు మాత్రం వాళ్లింట్లో లేవని చెప్పి వదిలేశాడు.

శనివారం, ఆదివారం బాపూ నేనూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కో తూటాకి తీగ కొక్కెం దిగ్గొట్టాం. నాకు సాంచె గురించి తెలిసినదంతా ఆ రెండు రోజుల్లో తెలిసిందే. సోమవారం నన్నూ తీసుకెళ్లాడు. బటన్ నొక్కగానే పైనుంచి దారాలు లేచాయి, వాటి కింద నా తూటాలు వరసగా ఎగిరాయి, దిగాయి. ఊగుతూ, మెరుస్తూ, ఎవరినీ చంపకుండా. మూడు నెలల తర్వాత ఆ చప్పుడు వింటూ నేను చెవులు మూసుకోలేదు.

జానెడు గుడ్డ దిగాక బాపు సాంచె ఆపాడు. అంచు పువ్వులో ఒక రేకు పక్కకి వాలింది. కిందికి వంగి చూశాడు. ఒక మూలన ఆరు దారాలకు తూటాల బదులు ఇనుప నట్లు కట్టి ఉన్నాయి. వాటి తూకం కొంచెం తక్కువ. అవి ఆదివారం సాయంత్రం బాపు టీ తాగడానికి లేచినప్పుడు నేను కట్టినవి. అడాజన్‌లో బకెట్ తిరిగి తీసుకుంటున్నప్పుడు యాక్షన్ అన్న మొహం చూడలేక, బాపు కింద స్కూటర్ దగ్గర ఉండగా ఆరు తూటాలు అతని చేతిలో పెట్టి వచ్చాను.

"ఎన్ని?" అన్నాడు బాపు.

"ఆరు."

ఆయన ఆ వాలిన రేకును బొటనవేలితో ఒకసారి నిమిరాడు. "సిన్మ మంచిగ రావాలె మరి" అని మళ్లీ బటన్ నొక్కాడు.

సినిమా రాలేదు. ఊరు తెరుచుకోగానే యాక్షన్ అన్న బ్యాంకు పరీక్షలకు కూర్చున్నాడు, నా పేరు ఏ తెరమీదా పడలేదు. ఇప్పుడు నేను కంప్యూటర్‌లో చీర అంచులకు డిజైన్లు వేస్తాను, ఒక్క దారం వంకర పోకూడదని కింది వాళ్లమీద కేకలు కూడా వేస్తాను. కానీ బజార్లో, రైల్లో, పెళ్లిళ్లలో ఎవరి అంచైనా కళ్లబడితే నా చూపు దానిమీదే తచ్చాడుతుంది. నట్లు మార్చేలోగా దిగిన ఆ మొదటి చీరలు ఏ ఊరు చేరాయో. వాటిలో ఒకటి కట్టుకుని ఎవరో ఒకావిడ ఈపాటికి వాకిట్లో నిలబడే ఉంటుంది, ఒక రేకు ఎందుకు వాలిందో తెలియక. దొరికితే చెప్పాలని ఉంటుంది, అమ్మా, ఆ రేకు నా పనే, అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు అని.