లొరేన్ చెప్పిన మంచిమాట

లొరేన్ బెడ్నార్‌కి అరవై ఎనిమిదేళ్లు. మొగుడు స్టాన్ పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. ఒహాయోలో ఆవిడ ఉండే ఊళ్లో ఒక చిన్న బేస్‌బాల్ జట్టుంది. పెద్ద జట్టుకి కుర్రాళ్లను తయారుచేసి పంపడమే దాని పని. అప్పట్లో ఆ కుర్రాళ్ల జీతం అద్దెకే చాలేది కాదు, అందుకని ఊరివాళ్లే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకునేవారు. ఆ వేసవి లొరేన్ ఇంట్లో యాదియెల్ దిగాడు. పందొమ్మిదేళ్ల డొమినికన్ కుర్రాడు, బంతి విసిరితే కంటికి ఆనేది కాదు.

స్టాన్ పోయాక లొరేన్ వంటింట్లో నిలబడే ఏదో ఇంత తినేసేది. వీడొచ్చాక బల్ల తుడిచి కూర్చోవడం మొదలైంది. వాడు అరటికాయ వేపితే, ఆవిడ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండేది. ఒకరి భాష ఒకరికి సగమే తెలిసేది. మిగతా సగానికి నవ్వుకునేవారు.

జులైలో పెద్ద జట్టుకి కప్పు మీద ఆశ పుట్టింది. వేరే జట్టులో పేరుమోసిన ముప్ఫై ఆరేళ్ల ఆటగాడు డన్‌లీవీని తెచ్చుకోవాలి, బదులుగా ఆ జట్టుకి మన కుర్రాళ్లనివ్వాలి అని ఊరంతా ఒకటే గోల.

"ఇచ్చిపారెయ్యమను! కుర్రాళ్లకేం కరువు?" అన్నాడు పక్కింటి ఎర్ల్, కంచె మీద మోచేతులు ఆనించి.

"ఆ డన్‌లీవీ మోకాళ్లు నీ మోకాళ్లకన్నా అధ్వాన్నంట," అంది లొరేన్. " ఏడాదికి కోటిన్నర డాలర్లు పోసి అవా కొనేది?"

"నలభై ఏళ్లయింది లొరేన్, మనం కప్పు చూసి. స్టాన్ చూడకుండానే పోయాడుగా."

ఆ మాటా నిజమే.

శనివారం ఆటలో ఆవిడ పక్కన ఓ కొత్త మనిషి కూర్చున్నాడు. ఒళ్లో బంతి వేగం కొలిచే యంత్రం. వేరే జట్టు తరఫున కుర్రాళ్లను చూడ్డానికి వచ్చాడని పసిపిల్లలకైనా తెలుస్తుంది.

"యాదియెల్ మీ ఇంట్లోనే ఉంటాడట కదండీ? వాడు ఎలా విసురుతాడో నేను చూసుకుంటా. మనిషి ఎలాంటివాడు?"

డన్‌లీవీకి బదులుగా వీణ్ణే అడగబోతున్నారని లొరేన్‌కి అర్థమైంది. తాగుతాడనో తిరుగుతాడనో ఒక్క ముక్క అంటే చాలు, ఆ మనిషి యంత్రం సర్దుకుని పోతాడు.

"బంగారం," అంది. "తొమ్మిదింటికల్లా పడుకుంటాడు. తిన్న పళ్లెం తనే కడుగుతాడు. రోజూ వాళ్లమ్మకి ఫోన్ చేస్తాడు. ఓడిన రోజు కూడా ఇంకొకర్ని ఒక్క మాటనడు."

మధ్యలో ఆపుదామనుకుంది. కానీ వాడి గురించి ఆవిడని ఇన్నాళ్లకి ఒకరు అడిగారు, నోరు ఆగలేదు.

మంగళవారం పొద్దున్న మార్పిడి ఖాయమైంది. డన్‌లీవీ ఇటు, యాదియెల్ అటు. వాడు సంచి సర్దుకుని వంటింట్లోకి పరుగున వచ్చి ఆవిడని అమాంతం ఎత్తేశాడు.

"అంతా నీ వల్లేనమ్మా! అక్కడ నన్ను పై మెట్టుకి పంపుతున్నారు. వాళ్లు చూసినవాళ్లలో నాలా విసిరేవాళ్లు ఇంకో ఇద్దరున్నారంట. నీ మాట విన్నాకే నన్ను అడిగారంట!"

"దించరా, నడుం పట్టేస్తుంది," అంది లొరేన్, నవ్వుతూనే. అటు తిరిగి దారిలోకి రొట్టెలు కట్టింది.

కారు వెళ్లిపోయింది. జట్టు ఆఫీసు నుంచి ఫోన్, ఇంకో కుర్రాణ్ణి పంపమంటారా అని. ఈ ఏడాదికి వద్దంది. అవతల ఎర్ల్ డన్‌లీవీ పేరు పట్టుకుని ఈలలేస్తున్నాడు.

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆటలు ముగిసే సెప్టెంబరు దాకా ఉండేవాడు. ఎలా ఉండేదో చూద్దామని ఆ ఖాళీ వంటింట్లో పైకే అనబోయింది. "వాడు తాగు..." వినడానికి పురుగైనా లేదు. అయినా వాడి మీద ఆ మాట పూర్తిచెయ్యలేకపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చింది.