మంద మర్రే సప్పుడు

గుర్వయ్య మూతిల ఒక సప్పుడుండేది. అ కాడికెల్లి ఱ దాక ఎతికినా దానికి అక్షరం దొరకదు. నాలుకతోని ట్ర్ర్ అనుడు కాదు, అదైతే ఎవలైనా అంటరు. ఇది రెండు పెదవులు ఒకదాన్నొకటి కొట్టుకుంట వచ్చే సప్పుడు. అది ఇన్నదంటే ఎంత దూరంల మేస్తున్న గొర్రైనా తలకాయెత్తి ఎనుకకు మర్రాల్సిందే. ఆలంపూర్ దిక్కు మేపవోయినా, పాలమూరు రోడ్డు మీద లారీల నడుమ ఇరుక్కున్నా, గా సప్పుడే ఆయన ధైర్యం.

గసుంటి మనిషికి ఒకనాడు పొద్దుగాల లేచేసరికి మూతి వంకర వోయింది. నరం పట్టిందన్నరు దవాఖానల, జర టైం పడ్తదన్నరు. అన్నం తింటాండు, మాట తిప్పలవడి వస్తాంది, సప్పుడు మాత్రం రాదు. ఊదితే గాలి పక్క కెల్లి తుస్సుమంటాంది. గొర్లు ఆయన మొఖం ఒకపారి సూసి మళ్ల గడ్డిల మూతి వెట్టినయి.

కొడుకు శివకృష్ణకు ఆటో తప్ప గొర్ల సంగతి పట్టదు. "అమ్మేద్దాం బాపు. ఐతారం బేరగాడు వస్తడు," అన్నడు. మంద లేకుంటె తనెవలో గుర్వయ్యకే తెల్వదు.

"జర ఆగుండ్రి. నేను నేర్సుకుంట మామా," అన్నది కోడలు మల్లీశ్వరి.

అబ్బో, గంత అల్కగనా! మామ ముందర కోడలు మూతి బుర్రుమనిపిస్తె ఎక్కిరించినట్టే కదా. అందుకని ఆమె కొంగు అడ్డం వెట్టుకునె, ఆయన గోడ దిక్కు తిరిగె. గట్ల నడిచింది సదువు. "పెదవులు కలుపు, బిగవట్టకు. లోపట పండ్లు ఎడం వెట్టు. నాలుకను పండుకోనియ్యి. గాలి కడుపుల కెల్లి రావాలె," అంటాండు గుర్వయ్య. కొంగు ఎనుక ఒకపారి ఫూ అంటాంది, ఒకపారి తుప్ అంటాంది. అసలు ముందుగాల గాలా, పెదవా? ఇన్నేండ్లు చేసిన పని ఎట్ల చేసిండో ఆయనకే అంతువట్టలే. వేళ్లతోని పెదవులు గుంజి గుంజి సూసుకున్నడు.

తెల్లారి మల్లీశ్వరి బిడ్డకు జావ తాపుతాంది. ఇంకా పండ్లు రాని పిల్ల. కడుపు నిండంగనే బుర్ర్ర్ అని జావంత తల్లి మొఖం మీద చల్లింది.

గుర్వయ్య దిగ్గున లేచిండు. "గదే! గదే సప్పుడు! కింది పెదవి సూడు కోడలా, ఎంత వదులుగుందో! దీనికెవలు నేర్పిండ్రే?"

మల్లీశ్వరి పిల్ల మూతి కాడికి మూతి వట్టింది. ఇద్దరు ఒకరి మీద ఒకరు తుంపర్లు చల్లుకుంట ఒకటే నవ్వుడు. నవ్వుల నడుమ తల్లి పెదవులు ఒక్కసారి అదిరి ఆగినయి.

ఐతారం బేరగాడు వచ్చిండు. సూపెట్టనీకి దొడ్డి తడక తీసుడే ఆలస్యం, మందంత పక్క పత్తి చేను దిక్కు ఉరికింది. పొద్దుగాలనే పురుగుల మందు కొట్టిన చేను! నాలుగాకులు నమిలితే సచ్చుడే. శివకృష్ణ ఒర్రిండు, రాళ్లిసిరిండు. గొర్లు ఇంకా బెదిరి ఉరికినయి. గుర్వయ్య నోరు తెరిస్తే ఉత్త గాలే వచ్చింది.

అప్పుడు ఎనుక కెల్లి లేచింది సప్పుడు. మామ ఉన్నడన్న సోయి లేదు మల్లీశ్వరికి, కడుపుల కెల్లి గాలి దీసి కొట్టింది. గట్టు మీద ముందటి గొర్రె ఆగింది. మందంత మర్రింది.

"అమ్మం. పోయి రా అన్నా," అన్నడు శివకృష్ణ బేరగానితోని.

మంద మిగిలింది. గుర్వయ్య సంబురంతోని గొర్లకు ఎదురు ఉరికిండు. చేతులు సాపి నడి దారిల నిలవడ్డడు. గొర్లు ఆయనకు అటు కొన్ని, ఇటు కొన్ని చీలి, ఉరుక్కుంట మల్లీశ్వరి కాడికి వోయినయి. ఆయన కాడ ఒక్కటి గూడ ఆగలే.