దొరకు నీళ్ళు పెట్టిన మార్కర్ మామ

మన కర్నూలు పాత క్లబ్బు మెంబర్లందరికీ తెలియజేయడమేమనగా: బిలియర్డ్స్ గదిలో ఏ కుర్చీకి కాలు ఊగుతాదో, ఏ ఫ్యాను స్విచ్చి రెండుసార్లు నొక్కాలో ఇకమీదట ఎవరికి వాళ్ళే కనుక్కోవాల. చెప్పే మనిషి లేడు. మా మార్కర్ మామ మొన్న శుక్రవారం నమాజుకు పోయొచ్చి పడుకున్నాడు, మళ్ళా లేయలేదు.

ఆటలో పాయింట్లు చెప్పేది ఆయన పని. గెలిచినోనివి గదంతా వినపడేట్టు చెప్పేవాడు, ఓడినోనివి వాని చెవి దగ్గరికి పోయి చెప్పేవాడు. "ఓడినట్టు వానికి తెలుసు కదప్పా, ఊరికి చాటేదెందుకు?" అనేవాడు. నా పాయింట్లు నేనెప్పుడూ చెవిలోనే విన్నా.

తెల్లదొరలు కట్టుకున్న క్లబ్బు ఇది. ఆ కాలంలో మన పెద్దోళ్ళను గేటు దాటనీయలేదు. మామ వాళ్ళ తాత మాత్రం దాటినాడు, పంకా లాగేదానికి. ఆ బిలియర్డ్స్ గదిలోనే ఒక దొర ఎండాకాలం మధ్యాహ్నం వడదెబ్బ తగిలి, నీళ్ళు నీళ్ళు అంటా ప్రాణం విడిచినాడని కథ. ఇప్పటికీ రెండు గంటలప్పుడు తిరుగుతాడంట. మెంబర్లు ఆ టయానికి గది దిక్కు పోయేవాళ్ళు కాదు. మామ మాత్రం రోజూ కిటికీలో గ్లాసు నీళ్ళు పెట్టేవాడు.

"దొరలు నీళ్ళు తాగరు మామా, విస్కీ పెట్టు" అంటి ఒకసారి.

"దప్పికతో పోయినోని మీద పరాచికాలేందప్పా? నోరు మూసుకో."

నాలుగేండ్ల కింద ఆ గది పగలగొట్టి ఏసీ పేకాట హాలు కట్టాలని కమిటీ తీర్మానం చేసింది. బిలియర్డ్స్ లేకుంటే మార్కరెందుకు? మామకు ఇంకో పని రాదు, శానా వయసాయె. కూలోళ్ళు గడ్డపారలతో వచ్చి, గ్లాసు చూసి, కథ విని, గడప దగ్గరే ఆగిపోయినారు. సెక్రటరీకి మండింది. మామను అందరి ముందర నిలబెట్టి, "దొరను చూసినావా నువ్వు?" అని అడిగినాడు. చూసినా అంటే చాలు, గది నిలుస్తాది. నేను వెనకనుంచి అవునను, అవునను అని తల ఊపుతానే ఉండా.

"చూళ్ళేదు సార్" అన్నాడు మామ. "అబద్ధమెందుకు? పెట్టిన నీళ్ళు మాత్రం సాయంత్రానికి ఉండవు."

కూలోళ్ళు గడ్డపారలు భుజాన వేసుకొని పోయినారు. గది నిలిచింది. మామ పోయేదాకా ఆడనే పని చేసినాడు. ఆ నీళ్ళు ఎవరు తాగినారని నన్నడగొద్దండి. కర్నూలు ఎండకు దప్పికయ్యేది దొరలకే కాదు.

ఇంకొకటి ఒప్పుకోవాల. ఆయన ఉండగా నోరు రాలేదు. ఆ గదిలో ఏ దొరా చావలేదు. నేను క్లబ్బులో చేరిన కొత్తలో, మామను బెదిరిద్దామని ఆ కథ నేనే అల్లినా. మామ బెదరలేదు. అంతా విని, భుజం మీది తువ్వాలతో కండ్లు తుడుచుకొని, "పిల్లోళ్ళుండారాప్పా ఆయనకు?" అన్నాడు.

ఇద్దరు ఆడపిల్లలని చెప్పినా.