అక్క నెత్తురు అడగడానికి వచ్చిన అత్త

పగ మంచిది కాదని నాకు చాలామంది చెప్పారు. వాళ్ళలో ఎవరి అక్కనూ గల్లీ నడుమ నిలబెట్టి "పిల్లలను మింగింది" అని తిట్టలేదు.

మా అక్కను తిట్టారు. ఆమెను ఇచ్చింది సొంత మేనమామ కొడుక్కే. శ్రీరాంపూర్‌లో ఇల్లు, బొగ్గుబాయిలో ఉద్యోగం. పేరు బలాలు చూసిన పంతులు ఇంతకన్నా మంచి జోడీ ఉండదన్నాడు. పుట్టిన పిల్లలిద్దరూ ఒకే తీరుగా పోయారు. మెడ నిలవలేదు, కాళ్ళు కదలలేదు, చివరికి ఊపిరాడలేదు. రెండో బిడ్డ పోయాక అత్త, అంటే మేనమామ భార్య, అక్కను గోదావరిఖనిలో మా గల్లీకి తీసుకొచ్చి, నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందూ అరిచింది.

"నా ఇద్దరు మనుమలను మింగింది. మా నెత్తురు మంచిదే, దీని కడుపే విషం. మీ పిల్లను మీరే ఉంచుకోండ్రి!"

బావకు బయటి సంబంధం చూసి మళ్ళీ పెళ్ళి చేశారు. కొడుకు పుట్టాడు, ఉరికాడు, బడికి పోయాడు. ఆ పిల్లవాడే అత్తకు రుజువు. నేను కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను, సభల్లో మూఢనమ్మకాల మీద వాదిస్తాను. అయినా చుట్టాల్లో ఏ ముసలమ్మ అయినా ఒక్క మాటతో నా నోరు మూయించేది: "మరి రెండోదానికి పుట్టినోడు బతికిండు గదనే?" మేనరికమే కారణమన్న ఊహ నా దగ్గర ఉంది, సాక్ష్యం లేదు. అక్కను సీమంతాలకు పిలవడం మానేశారు. చంటిపిల్లల తల్లులు అక్కతో జాకెట్టు కుట్టించుకోవడానికి కూడా మా గడప తొక్కేవారు కాదు.

ఇంటిపేరు ఒకటైతే ముఖమైనా ఎరగని ఇద్దరిని అన్నాచెల్లెళ్ళంటారు. ఒకే తాతకు మనవడూ మనవరాలూ అయినవాళ్ళను మాత్రం పీటల మీద కూర్చోబెడతారు. నెత్తురుకు ఇంటిపేరుతో ఏం పని?

పోయినేడు ఒక మధ్యాహ్నం, ఓపెన్‌కాస్ట్ గని పేలుళ్ళకు కిటికీలు అదిరిన కాసేపటికి, అత్త మా గడప ముందు నిలబడింది. ఆమె తన చిన్న కూతురినీ మేనరికమే ఇచ్చింది, మా అమ్మ చెల్లెలైన చిన్నమ్మ కొడుక్కు. వాళ్ళ పాప కూడా మెడ నిలవక అలాగే పోయింది. ఇప్పుడా కూతురికి మళ్ళీ నెల తప్పింది. పాప బతికుండగానే హైదరాబాద్ డాక్టరు పాపదీ తల్లిదండ్రులదీ నెత్తురు తీసి జన్యువులు చదివించాడు. ఒకచోట ఒక అక్షరం మారి కనిపించింది. కానీ ఆ మార్పును అంతకుముందు ఎవరిలోనూ చూడలేదట. జబ్బుకు కారణం అదేనని తేలాలంటే, ఇదే జబ్బుతో పిల్లలు పోయిన ఇంకో జంట నెత్తురుతో పోల్చాలి. తేలితేనే కడుపులో ఉన్న బిడ్డను పరీక్షించగలరు.

"అక్క నెత్తురు కావాల్నట బిడ్డా," అంది అత్త, చెప్పులు విడవకుండానే.

"విషం గద అత్తా, ఏం జేసుకుంటవ్?" అన్నాను.

"గప్పుడు దుక్కంల ఏదో అన్న."

"ఏదో కాదు. ఏమన్నవో మాట మాట యాదికున్నది నాకు."

"జల్ది గావాలెనన్నడు డాక్టరు. పిల్ల ముఖం జూడు."

తలుపు వేసేద్దామనిపించింది. మా ఇంట్లో ఏడ్చిన ఏడుపు వాళ్ళింట్లోనూ వినబడనీ అనిపించింది. ఆ కోరికకు నేనిప్పటికీ సిగ్గుపడను. లోపల అక్క కుట్టుమిషన్ ఆగింది.

"ఇస్త," అంది అక్క. "ఆ పిల్ల నన్నేమన్నది? కని అత్తా, నిజం తేలినంక నన్ను ఏడ నిలవెట్టినవో ఆడ్నే నిలవడి చెప్పాలె."

అత్త తల ఊపింది. బావ కూడా రావాలని, మామ కూడా నెత్తురివ్వడానికి చెయ్యి చాపాలని నేను పట్టుబట్టాను.

నేను చదువుకున్నప్పుడు జీవశాస్త్రమంటే కప్పను కోయడం, ఆకులు అతికించడం. ఇప్పుడది జన్యువులను చదవడం, పక్కపక్కన పెట్టి పోల్చడం. ఒక్కరిదే చదివితే అవి ఉత్త అక్షరాలు. నలుగురివి పోలిస్తే వంశం బయటపడుతుంది.

డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అక్కలో, బావలో, అత్త చిన్న కూతురిలో, ఆమె భర్తలో అదే చోట అదే అక్షరం మారింది. మామలో కూడా. మా తాతా అమ్మమ్మల్లో ఎవరో ఒకరి నుంచి ఇన్ని గడపలకు దిగింది. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడితే మనిషికేమీ కాదు, తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డదే వస్తే బిడ్డ నిలవదు. అత్త ఇన్నేళ్ళు చూపించిన రుజువు అక్కడే కూలింది. ఆ పిల్లవాడు బతికింది బావ నెత్తురు మంచిదై కాదు, రెండో భార్య ఈ ఇంటి మనిషి కాదు గనుక.

"అయితే మా నెత్తుర్ల గూడ ఉన్నదా సారూ?" అన్నాడు మామ.

"మీ నుంచే మీ కొడుక్కు వచ్చింది," అన్నాడు డాక్టరు.

నేను అత్త ముఖమే చూస్తూ కూర్చున్నాను. తనివితీరా చూశాను.

కడుపులో బిడ్డకు జబ్బు లేదని పరీక్షలో తేలింది. మాట ప్రకారం రమ్మని కబురు పెడితే, ఫోన్లో చెప్తానంది అత్త. పొద్దుగూకినంక వస్తానంది.

"నల్లా వచ్చే యాళ్లకే రావాలె," అన్నాను.

వచ్చింది. బిందెల మధ్య తలొంచుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగింది. అక్క గుమ్మంలోంచి దిగి ఎదురుగా వచ్చి నిలబడింది. నల్లా కట్టేసింది.

"వినవడలే అత్తా. కొంగు తీసి, మళ్ళ చెప్పు."