రుచి చూసే రోజున మల్లెపూలు

నిన్న సాయంత్రం హాల్లోంచి బామ్ వాసన గుప్పుమంది. వంటింట్లోంచి తొంగి చూశాను. ఎనిమిదేళ్ల శ్రావ్య తన చెల్లెలు మేఘనను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ ఐదేళ్ల పిల్ల ముక్కు కింద వేలితో బామ్ రాస్తోంది. నేను అడగకముందే "దీనికి జలుబు చేసింది మమ్మీ" అంది. మేఘనకు జలుబు లేదు. అక్క ముద్దు చేస్తోందన్న సంబరంలో, కళ్లు మండి నీళ్లు కారుతున్నా అది కదలకుండా కూర్చుంది. చూసేవాళ్లకు అక్కాచెల్లెళ్ల ప్రేమలాగే ఉంటుంది. కానీ ఆ వేలు నాకు తెలుసు. పన్నెండేళ్ల కిందట అది నా వేలు.

తప్పు నాతోనే మొదలైంది. అరగంట ముందు బీరువా సర్దుతుంటే, ఒకవైపు బొగ్గులా కాలిన చిన్న చెక్క ముక్క దొరికింది. సరదాగా ఇద్దరి కళ్లు మూయించి వాసన చూపించాను. శ్రావ్య "కట్టె" అంది. మేఘన మాత్రం కాసేపు ఆగి, "కొబ్బరి లౌజు... కాదు, వెనీలా ఐస్‌క్రీమ్. వెనక బెల్లం మాడింది" అంది. ఎగిరి గంతేసి దాన్ని ఎత్తుకున్నాను. ఆ సంతోషం అడుగున సన్నటి ముల్లు గుచ్చుకుంది. నాకు తెలియనిది ఈ చంటిదానికి ఎలా తెలిసింది? పైగా "అన్నం తిన్నాక మళ్లీ పెడతా, ఎవరు గెలుస్తారో చూద్దాం" అన్నాను. శ్రావ్య ముఖం అప్పుడు చూడలేదు. చూడాల్సింది.

ఆ చెక్క ఒక విస్కీ పీపాలోది. నాకు ఇచ్చింది సరోజన మేడం. పరకాల వెళ్లే దారిలో, ధాన్యంతో మద్యం తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఆమె ల్యాబ్ పెద్ద. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి అక్కడ ట్రైనీగా చేరాను. మా ఇంట్లో మాత్రం కెమికల్ కంపెనీ అని చెప్పాను. కాశిబుగ్గ నేతకారుల ఇంటి బిడ్డ మేడం. ఒంటికి పౌడరు ఉండదు, తలకు వాసన నూనె ఉండదు. ఉతికిన నూలు చీర వాసన కూడా రాదు. మందు రుచి చూసి ఉమ్మేసేదే తప్ప ఏనాడూ మింగలేదు. గేటు దగ్గర మొక్కజొన్నల లోడుతో వచ్చిన ఒక లారీ డ్రైవరు, "మందు కంపెనీల పనిజేస్కుంట తాగకపోతె ఎట్ల మేడం?" అని ఎగతాళి చేస్తే, "లారీ నిండ మక్కలు తెస్తివి గదా, అన్నీ నువ్వే బుక్కుతానవా?" అంది. వాడికంటే క్లీనరు ఎక్కువ నవ్వాడు.

అప్పుడు మా ఫ్యాక్టరీ అమెరికా వాళ్ల బర్బన్ పద్ధతిలో మక్కల విస్కీ చేసి చూస్తోంది. బర్బన్ అనే పేరు అక్కడ చేసినదానికే చెల్లుతుందట. పద్ధతి మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. మొదటి రోజు నేను నోటు పుస్తకం తెరవగానే మేడం దాన్ని మూసేసింది.

"గటక వండుడు తెల్వదా నీకు? ఇది గూడ గంతే. మక్కరవ్వ ఉడకబెడ్తం. సగానికంటె ఎక్కువ మక్కలుండాలె. తక్కింది రై అనే గోధుమ తీరు గింజ, మొలకెత్తిన బార్లీ. పిండిని చక్కెర జేసేది ఆ మొలకనే. ఈస్ట్ ఏస్తె మూణ్నాలుగు రోజులు పులుస్తది. దాన్ని మరగబెట్టి ఆవిరి పడితె నీళ్ల లెక్క తెల్లటి సారం దిగుతది."

"మరి ఆ ఎర్రటి రంగు మేడం?"

"అదంత పీపది. కొత్త ఓక్ పీపకు లోపల మంటబెట్టి బొగ్గయ్యేదాక కాలుస్తరు. కట్టెల దాగిన తీపి కాలితెనే బయటికొస్తది. కంకి కాల్చుకొని తినలేదా ఎన్నడు?"

ఆ పీపాల్లో సారం ఏళ్లకేళ్లు నిద్రపోతుంది. మన ఎండలకు కట్టె దాన్ని తాగుతూ, మళ్లీ వదులుతూ ఉంటుంది. కొంత ఆవిరై పోతుంది. గోదాము తలుపు తీస్తే మొదట ముఖానికి తగిలేది ఆ పోయినదాని వాసనే. అందరూ అక్కడ గుండెల నిండా గాలి పీల్చేవారు. నాకు ఏదో తియ్యగా అనిపించేది తప్ప పేరు దొరికేది కాదు.

నాతోపాటు చేరిన రేణుకకు దొరికేది. వాళ్లది పరకాల దగ్గర మక్కలు పండించే ఇల్లు. చదివింది బీఎస్సీ. బస్సు దుమ్ముతో వచ్చి, ముఖం కడుక్కుని, సన్నమూతి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకునేది. చుక్క నోట్లో వేసుకుని, తిప్పి, స్టీలు బకెట్లో ఉమ్మి, నెమ్మదిగా చెప్పేది. "ముందుగాల నాలుక కొసకు పాలకంకి తీపి. నడుమ వెనీలా, మాడిన చక్కెర. ఆఖర్ల మిరియం కొడ్తాంది. ఉమ్మేసినంక నోరు పిడసగడ్తాంది మేడం, పచ్చి వక్క నమిలినట్టు."

మేడం కళ్లు మూసుకుని నవ్వేది. ఆ నవ్వు నావైపు ఒక్కసారి కూడా తిరగలేదు. నా నాలుకకు తెలిసింది మంట ఒక్కటే. మేడం ఆమెను "బిడ్డా" అనేది, నన్ను "లావణ్యా" అనేది. పెరుగన్నం డబ్బా మూతలో ఆమెకు ఒక ముద్ద పెట్టేది. ఎన్ని ముద్దలో నేను లెక్కపెట్టేదాన్ని.

ఏడాది చివర మేడం పక్కన రుచి చూసే ఉద్యోగం ఒక్కటే ఖాళీ అయింది. పోటీలో మేమిద్దరమే. ఒక శుక్రవారం పరీక్ష. ఐదు గ్లాసులు, పేర్లు ఉండవు. ఆ రోజు పూలు, సబ్బు, పచ్చడి ఏవీ కూడదని అందరికీ తెలుసు. పొద్దున బస్టాండు దగ్గర మూర మల్లెపూలు కొన్నాను.

"ఇయ్యాల వద్దక్కా, టేస్టింగ్ గదా" అంది రేణుక.

"శుక్రవారం పూలు వద్దంటారా? జరసేపు ఉంచుకో, లోపలికి పోయేముందు తీసేద్దువు" అంటూ నేనే జడలో తురిమాను.

కాదనలేకపోయింది. పది నిమిషాల తర్వాత తీసేసింది కూడా. వాసన జుట్టును వదలలేదు. గుమ్మం దగ్గర మేడం "బయటనే ఉండు బిడ్డా" అంది. రేణుక కళ్లనిండా నీళ్లు. నేను గ్లాసుల ముందు కూర్చున్నాను. మేడం మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టబోయి, ఆగింది.

"నీ వేళ్లు మల్లెపూల వాసనొస్తానయ్ లావణ్యా. జడల మాత్రం పూలు లెవ్వు."

గదిలో ఇంకెవరూ లేరు. ఆమె గొంతు పెంచలేదు. "ముక్కు లేకపోవుడు తప్పు గాదు. ఇది తప్పు. రేణుకకు నువ్వే చెప్పాలె. నేనైతె చెప్ప."

పరీక్ష సోమవారానికి వాయిదా పడింది. ఉద్యోగం రేణుకకు వచ్చింది. నన్ను పంపించేస్తారనుకున్నాను. మేడం నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, ఎండలో నిలబడి, మక్క గింజ కొరకడం నేర్పింది. ఎండిన గింజ పంటి కింద టక్కున పగలాలి, తేమ ఉంటే మెత్తగా నలుగుతుంది. నెల తిరక్కుండా చేయి పెడితే బస్తాలో బూజు ఎక్కడుందో తెలిసేది. పైన మంచి గింజలు పోసి అడుగున బూజు పట్టినవి దాచిన ఒక లోడును వెనక్కి పంపించాను. "చెడ్డ గింజ లోపలికొచ్చినంక ముక్కు ఉండి ఏం లాభం? నువ్వు గేటు కాడనే ఆపుతానవ్" అంది మేడం. నన్ను ఊరుకోబెట్టడానికి అంటోందనుకున్నాను. సగం ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

"చెప్పినవా?" అని తర్వాత మూడుసార్లు అడిగింది. మూడోసారి, శ్రావ్య కడుపులో ఉండి నేను ఉద్యోగం మానేసిన రోజున. పాత పీపాలోని ఆ చెక్క ముక్కను కాగితంలో చుట్టి చేతిలో పెడుతూ అడిగింది. లేదన్నాను. "సరె తియ్, ఇంక టైమున్నది" అంది.

పోయినేడు మేడం చనిపోయింది. రేణుక ఫోన్ చేసి ఏడ్చింది. "లావణ్య నీకు పూలు పెట్టింది, యాదికున్నదా అని మేడం ఎప్పుడూ అడిగేదక్కా. నువ్వంటె ఆమెకు ఎంత పాణమో" అంది. నేను చెప్పానో లేదో కనుక్కోవడానికే మేడం అలా అడిగేదని రేణుకకు తెలియదు. మేడం కుర్చీలో ఇప్పుడు రేణుకే కూర్చుంటోంది. మేడం వాడిన గ్లాసు కూడా తన దగ్గరే ఉందట. దుఃఖంలో కూడా నా మనసు ఆ గ్లాసు దగ్గరే ఆగింది. చెప్పవలసిన మాట చెప్పలేదు.

నిన్న మేఘన ముక్కు కింద కొబ్బరినూనె రాసి తుడిచాను. శ్రావ్యను తిట్టలేదు. ఈర్ష్య పోయిందని ఇప్పుడు కూడా చెప్పలేను. కానీ మేడం నాకు నేర్పింది గేటు దగ్గర ఆపడం. నా పిల్ల వేలిమీద అది కనబడ్డాక కూడా ఆపకపోతే, ఆమె ఎండలో నిలబడింది దేనికి?

ఈ పొద్దున ఇద్దరికీ జడలు వేస్తూ చెప్పాను.

"శ్రావ్యా, ఆ చెక్కల నాక్కూడ కట్టె వాసనే వస్తది, ఇంకేం రాదు. అన్ని వాసనలు తెలిసిన రేణుక పిన్ని అని ఒకామె ఉన్నది. ఆమె ఓడిపోవాలని ఒకనాడు ఆమె జడల నేనే మల్లెపూలు పెట్టిన. ప్రేమతోటి పెట్టిననుకుంటాంది పాపం, ఇప్పటిదాక. సాయంత్రం మీరు బడి నుంచి రాంగనే ఫోన్ జేసి చెప్త. నువ్వు నా పక్కన కూసోవాలె బిడ్డా. నాకు భయమైతాంది."