పాదాలు పట్టుకున్న ఆమె

ఫిబ్రవరిలో నేను టొరంటోలో ఒక ప్రదర్శనకి వెళ్లింది చిత్రాల మీద ప్రేమతో కాదు. కాలేజీలో తీసుకున్న ఆర్ట్ కోర్సుకి ఒక అసైన్‌మెంట్ రాయాలి. స్వప్నని వెంట తీసుకెళ్లడానికి మాత్రం వేరే కారణం ఉంది. నిజామాబాద్ నుంచి వచ్చిన స్వప్న, నేను కెనడాలోనే, టొరంటోకి కొంత దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఒకే బేస్‌మెంట్ గదిలో ఉండేవాళ్లం. అంతకు ముందు నెలలో ఆమె తమ్ముడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. ఇక్కడ ఉండటానికి ఆమెకున్న పర్మిట్ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. దేశం దాటితే తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసి, మర్నాడే వేర్‌హౌస్‌ షిఫ్ట్‌కి వెళ్లింది. ఏడవలేదు. సరిగా మాట్లాడనూ లేదు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. నేరుగా బస్సు దొరకలేదు, దారిలో మిసిసాగాలో మారాం. మంచు వల్ల మూడు గంటలు పట్టింది. రానూపోనూ మనిషికి నలభై డాలర్ల లోపే.

ప్రదర్శనలో ఉన్నవి ఇటలీ చర్చిల గోడల మీద వందల ఏళ్ల కిందట వేసిన చిత్రాలకు నిలువెత్తు ఫొటోలు. చివరి గదిలో, సిలువ మీద నుంచి దించిన కొడుకు చుట్టూ చేరిన మనుషులు. తల్లి అతని ముఖానికి ముఖం ఆనించింది. ఒకాయన రెండు చేతులూ వెనక్కి చాచి ముందుకు వంగాడు. నేను ఎవరి చేతులు ఎలా ఉన్నాయో రాసుకుంటున్నాను. స్వప్న ఒక మూలే చూస్తోంది. అక్కడ ఒకామె చనిపోయినవాడి పాదాలు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది.

“ఆమె ఆయనకి ఏమైతది?”

“శిష్యురాలు అంటారు.”

“మొహం తల్లికి ఇడిసిపెట్టి కాళ్లకాడ కూసున్నది.” ఫొటోకి అడ్డంగా కట్టిన తాడు దాకా జరిగింది. “నాకు ఫోన్ల మొహం ఒక్కటే చూపెట్టిండ్రు. వాని కాళ్లు చూడలే.”

తాడు దాటి వెళ్లి ఆ పాదాల మీద అరచెయ్యి పెట్టింది. గార్డుగా ఉన్న పెద్దావిడ గబగబా వచ్చింది. నేను ఇంగ్లీషులో సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది. స్వప్న నేల మీదే కూలబడి ఏడ్చింది.

తిరుగు బస్సులో, “నేను ఇంటికి పోత” అంది.

“మరి పర్మిట్?”

“పోతే పోనీ.”

ఆ వారమే వెళ్లింది. ఎండలు వచ్చేసరికి పర్మిట్ ఇవ్వలేమని ఆమెకి రిఫ్యూజల్ మెయిల్ వచ్చింది. ఆమె మంచంలో ఇప్పుడు ఇంకో అమ్మాయి పడుకుంటోంది. ఇంటి దగ్గర పట్టుకోవడానికి తమ్ముడి పాదాలు లేవని స్వప్నకి తెలుసు. అయినా వెళ్లింది. అది తప్పో ఒప్పో నేను చెప్పలేను. ఆపాలని మాత్రం అనిపించలేదు.

ఇలాంటి ప్రదర్శనకి వెళ్లేవాళ్లకి ఒక్క మాట: చలికాలంలో తిరుగు బస్సుల టైములు ముందే చూసుకుని, చివరి గదికి ఒక గంటైనా మిగుల్చుకోండి.