ఎడారి దారిలో తాగని నీళ్లు

ఆస్ట్రేలియా ఎడారి దారిలో నాలుగో రోజు, బండి దిగి నిలబడగానే నా ఎడమ పిక్క పట్టేసింది. ఎర్రమట్టి రోడ్డు మీద రోజంతా నేనే నడిపాను కదా, కండరం పట్టిందనుకున్నాను. అక్కడ పెట్రోల్ బంకుకూ బంకుకూ మధ్య రెండు మూడు వందల కిలోమీటర్లు. చెట్టూ పుట్టా లేని చోట ఆడమనిషి ఎక్కడికి వెళ్తుంది? అందుకే పొద్దున కాఫీ తప్ప ఇంకేమీ తాగేదాన్ని కాదు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో కాలేజీకి వెళ్లిన రోజుల నుంచీ అదే అలవాటు. వెనక సీట్లో క్యాన్ల నిండా నీళ్లు ఉన్నాయి. మావారు శ్రీకాంత్ "తాగినవా?" అని అడిగితే "తాగిన" అని అబద్ధం చెప్పేదాన్ని.

జర్మనీలో మేముండే బ్రెమెన్‌కు తిరిగొచ్చేసరికి కాలు వాచింది. డాక్టర్ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, రెండు వారాల తర్వాతే దొరికింది. అమ్మకు ఫోన్ చేస్తే, "నువ్వుల నూనె కాచి గట్టిగ రుద్దిపిచ్చుకో బిడ్డా, దెబ్బకు తగ్గుతది" అంది. మావారు రెండు రోజులు పాపం శ్రద్ధగా రుద్దారు. మూడో రోజు ఇంటి మెట్లెక్కుతుంటే ఊపిరి అందలేదు. ఛాతీలో పొడిచినట్టు నొప్పి. అంబులెన్స్ పిలిచారు.

ఎమర్జెన్సీలో బ్లడ్ టెస్ట్, కాలికి అల్ట్రాసౌండ్, ఆపైన సీటీ స్కాన్. డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చెప్పింది.

"కాలిలో డీప్ వెయిన్ థ్రాంబోసిస్. అంటే రక్తం గడ్డకట్టింది. అందులో ఒక ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఇంకోటి వెళ్తే ప్రాణానికే ప్రమాదం. ప్రయాణంలో రోజుకు ఎన్ని నీళ్లు తాగారు?"

"రెండు లీటర్లు" అన్నాను. ప్రాణం మీదికొచ్చినా నా నోటికి బుద్ధి రాలేదు!

మావారికి అర్థమైంది. "నిజం చెప్పవే, నీకు దండం పెడ్త" అన్నారు. చెప్పాను. నూనె సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "ఇలా వాచిన కాలిని రుద్దకూడదు, గడ్డ ఊడి పైకి వెళ్లొచ్చు" అంది. మావారు తన చేతులు చూసుకుని ఏడ్చేశారు. నాకు ముప్పై ఆరేళ్లు, చావంటే అంత భయం ఎప్పుడూ వేయలేదు.

వారం తర్వాత, రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. రెండో నెలలో ఆ మాత్రల వల్ల పీరియడ్స్ ఆగక హీమోగ్లోబిన్ పడిపోయింది, మళ్లీ అడ్మిట్ అయ్యాను. మాత్రలు మానేస్తానని మొండికేశాను. "మందు మారుద్దాం. మానడం మాత్రం వద్దు" అంది డాక్టరమ్మ. ఆమె మాట విని, ఈసారి కోలుకోవాలని పంతం పట్టాను. ఇంటి ముందు వంద అడుగులతో మొదలుపెట్టి, శీతాకాలమంతా నదిగట్టు వెంబడి నడిచాను.

డాక్టరమ్మే మాత్రలు ఆపించి ఏడాది దాటింది. మళ్లీ ఎడారికి వెళ్తామంటే అమ్మ, "గా ఎడారిల ఏం పెట్టి ఉన్నదే నీకు?" అని తిట్టింది. డాక్టరమ్మను అడిగి, విమానం ఎక్కేముందు రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ వేయించుకుని, కాళ్లకు బిగుతు సాక్స్ తొడుక్కుని వెళ్లాను. రోజంతా నీళ్లు తాగాను. కనుచూపు మేరలో మనిషన్నవాడు లేకపోయినా మావారి చేత దుప్పటి అడ్డం పట్టించాను. ఆయన అటు తిరిగి ఆకాశం చూస్తూ నిలబడేవారు.

దూరప్రయాణాలు చేసే అక్కాచెల్లెళ్లకు ఒక్క మాట. ఒక కాలే వాచి నొప్పెడితే రుద్దించుకోకండి, టెర్మిన్ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. దారిలో మాత్రం కడుపునిండా నీళ్లు తాగండి, రెండు గంటలకోసారి బండి ఆపమనండి. దారిలో బండి దిగడానికి సిగ్గుపడి నేను చావు దాకా వెళ్లొచ్చాను.